బొమ్మల పుస్తకం మన తర్వాత కూడా ఉండాలంటే: ఏ కాగితం, ఏ అచ్చు, ఏ కుట్టు?

ఈ రోజు టేబుల్ మీద తొమ్మిది పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదీ ఒకే పుస్తకం కాపీలు. ఎనిమిది 2011లో ఒకే ప్రెస్సులో, ఒకే రోజు అచ్చయ్యాయి. తొమ్మిదోది ఐదేళ్ల తర్వాత డిజిటల్ షాపులో వేయించింది. ఇప్పుడు చూడండి, ఏ రెండూ ఒకలా లేవు. ఒకదాంట్లో ఎరుపు లేదు, ఒకదాంట్లో పేజీలు ఊడిపోయాయి, ఇదిగో ఇదైతే తెరుచుకోదు కూడా. ఇటుక రాయిలా ఉంది.

ఈ పుస్తకం మా తాతయ్యది. కోనసీమలో హైస్కూల్ డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు. రిటైర్ అయ్యాక నీటిరంగులతో 48 బొమ్మలు వేశారు. నాటు పడవ, ఏతం, గానుగ, కుమ్మరి సారె, తాటాకు గొడుగు, వరి చేలో కొంగలు... తను చిన్నప్పుడు చూసి, మేం చూడనివన్నీ. ఆయన సహస్ర చంద్ర దర్శనానికి మేమంతా కలిసి వాటిని పుస్తకంగా 200 కాపీలు వేయించి బంధువులకి పంచాం. తాతయ్య 2019లో పోయారు. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు లంకలో ఉన్న ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అసలు బొమ్మలు 31 పోయాయి.

"స్కాన్ చేసిన ఫైల్స్ ఉంటాయి కదా" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. ఉండేవి. నా హార్డ్ డిస్కులో. అది తిరగడం మానేసి చాలా కాలమైంది. ప్రెస్సు వాళ్లు పదేళ్ల నాటి ఫైల్స్ దాచరు, దాచాల్సిన అవసరం వాళ్లకి లేదు. అంటే ఆ 31 బొమ్మలకి ఇప్పుడు ఈ కాపీలే ఒరిజినల్స్. మళ్లీ అచ్చు వేయిద్దాం అనుకుని, అత్తల దగ్గర, బాబాయిల దగ్గర, పెద్దమ్మ దగ్గర ఉన్నవి అడిగి తెప్పించాను. 200లో దొరికినవి ఎనిమిది.

మొదట ఇది చూడండి. బాబాయి వాళ్ల హాల్లో షోకేసులో, అద్దం వెనక, ముఖచిత్రం కనబడేలా నిలబెట్టి పెట్టారు. ప్రేమతోనే పెట్టారు. పొద్దున పూట కిటికీలోంచి ఎండ నేరుగా దాని మీద పడేది. అట్ట మీద ఉన్న కుంకుమరంగు చీర ఇప్పుడు నీలం చీర అయిపోయింది. ఎందుకంటే రంగుల అచ్చు అంటే నాలుగే రంగులు: సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. మిగతా రంగులన్నీ ఈ నాలుగు చుక్కల కలయికే. మెజెంటా, పసుపు కలిస్తే ఎరుపు. అయితే మామూలు ఆఫ్‌సెట్ సిరాల్లో ఈ రెండే వెలుగుకి త్వరగా వెలిసిపోతాయి. సయాన్, నలుపు గట్టివి. సిరా వెలుగుని ఎంత తట్టుకుంటుందో కొలవడానికి బ్లూ ఊల్ స్కేలు అని ఒకటి ఉంది, 1 నుంచి 8 దాకా. మామూలు పసుపు, మెజెంటా సుమారు 5 దగ్గర ఉంటాయి, సయాన్ 8 దాకా వెళ్తుంది. ఒక్కో మెట్టు పైకి వెళ్తే తట్టుకునే శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది కాబట్టి 5కీ 8కీ తేడా చాలా పెద్దది. పోస్టర్ల కోసం ఎండని ఎక్కువ తట్టుకునే సిరాలు తయారుచేస్తారు. అడిగితే తెప్పిస్తారు, ఖర్చు ఎక్కువ. కానీ పుస్తకం మూసి ఉంటే లోపలి పేజీలకి వెలుగు తగలదు. ఇదే కాపీలో లోపలి బొమ్మలు బాగానే ఉన్నాయి. అందుకే సిరా కోసం డబ్బు ఎక్కువ పెట్టాలంటే ముందు అట్ట మీద పెట్టండి.

నలుపు గురించి ఒక మాట. అచ్చు నలుపులో ఉండేది కార్బన్, అంటే మసి. అది వెలవదు. బొమ్మ గీత మీద నిలబడి ఉంటే, రంగులు వెలిసినా బొమ్మ మిగులుతుంది. తాతయ్య గీత గట్టిగా వేసేవారు కాబట్టి ఈ వెలిసిన అట్ట మీద కూడా ఆ చీర కట్టుకున్న మనిషి ఎవరో మా ఇంట్లో అందరూ గుర్తుపడతారు.

ఇక ఈ ఇటుక. ఇది లంక ఇంట్లోనే ఉన్న కాపీ. రెండు రోజులు నీళ్లలో నానింది. నీళ్లు తీశాక అమ్మ ఎండలో ఆరబెట్టింది. ఎవరైనా అదే చేస్తారు. ఆరాక పేజీలన్నీ ఒక్క ముద్ద అయిపోయాయి. మేం గ్లాసీ ఆర్ట్ పేపర్ వాడాం, కారణం అదే. ఆర్ట్ పేపర్ అంటే కాగితం మీద మెత్తటి బంకమట్టి లేదా సుద్ద పూత. ఆ పూతని కాగితానికి పట్టి ఉంచేది ఒక జిగురు. నీళ్లు తగలగానే ఆ జిగురు మెత్తబడుతుంది, పక్క పేజీ పూతతో కలుస్తుంది, ఆరేటప్పుడు రెండూ అతుక్కుని గట్టిపడతాయి. ఆ తర్వాత విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. పూత లేని కాగితం నానితే ముడతలు పడుతుంది, మరకలవుతుంది, కానీ చాలావరకు విడిపోతుంది. మీ ఇంట్లో ఆర్ట్ పేపర్ పుస్తకం తడిస్తే ఆరనివ్వకండి. తడిగా ఉన్నప్పుడే పేజీల మధ్య ప్లాస్టిక్ కాగితాలు పెట్టి విడదీయాలి. అంత టైమ్ లేకపోతే కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేయండి. కొన్ని గంటల్లోనే. లైబ్రరీల వాళ్లు కూడా తడిసిన పుస్తకాలని గడ్డకట్టించి, తీరిగ్గా ఆరబెడతారు. ఇది 2022లో నాకు తెలిసుంటే ఇంకో కాపీ మిగిలేది.

మూడోది, నాలుగోది, ఐదోది ఒకే జబ్బు. బాగా చదివిన ఇళ్లలోవి. వెన్ను విరిగింది, పేజీలు పేకముక్కల్లా ఊడి వచ్చాయి. మేం చేయించింది పర్ఫెక్ట్ బైండింగ్. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, బొమ్మల పుస్తకానికి అందులో పర్ఫెక్ట్ ఏమీ లేదు. పేజీలన్నీ విడివిడిగా కోసి, వెన్ను దగ్గర గరుకు చేసి, వేడి జిగురు పూసి అట్ట అంటిస్తారు. మామూలు వేడి జిగురు కాలక్రమంలో పెళుసుబారుతుంది. దానికి తోడు నున్నటి ఆర్ట్ పేపర్‌కి జిగురు సరిగా పట్టదు. బొమ్మ మొత్తం కనబడాలని పిల్లలు పుస్తకాన్ని విరిచి పరుస్తారు, టక్ మంటుంది. అంతే.

తొమ్మిదోది డిజిటల్ కాపీ. పెద్దమ్మ మనవరాలి కోసం 2016లో పది కాపీలు వేయించాం, వాటిలో ఒకటి. పొడి టోనర్‌తో వేసే యంత్రం మీద. రంగులు ఇప్పటికీ బాగున్నాయి, ఆశ్చర్యంగా. టోనర్‌లో ఉండేవి పిగ్మెంట్ రంగులే కాబట్టి తొందరగా వెలవవు. కానీ టోనర్ అంటే ప్లాస్టిక్ పొడిని వేడి చేసి కాగితం మీద కరిగించడం. అది లోపలికి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది. పడవ బొమ్మని రెండు పేజీల మీద పరిచి మధ్యలో మడత పెట్టాం కదా, సరిగ్గా ఆ మడత మీద పొర పగిలి తెల్ల గీత వచ్చింది. పడవ రెండు ముక్కలైంది. డిజిటల్ అంటే చెడ్డదని కాదు. 20, 50 కాపీలు కావాలంటే అదే సరైన దారి, అయితే రంగు నిండిన బొమ్మని మడత మీదకి తేవద్దు. ఇంక్‌జెట్ అయితే మాత్రం ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగండి: డై సిరానా, పిగ్మెంట్ సిరానా? డై అయితే నీళ్ల చుక్కకే కరుగుతుంది, వెలుగుకీ వెలుస్తుంది. నిలవాల్సిన పుస్తకానికి అది వద్దు.

మిగిలిన కాపీల్లో అన్నిటికంటే బాగున్నది హైదరాబాద్‌లో ఉన్న అత్తయ్యది. బీరువాలో, చీరల కింద, చీకట్లో. స్కూలు పుస్తకానికి వేసినట్టు న్యూస్ పేపర్‌తో అట్ట కూడా వేసింది. లోపల బొమ్మలు కొత్తవిలా ఉన్నాయి. కానీ అట్ట లోపలి వైపు, న్యూస్ పేపర్ మడిచి పెట్టిన చోట, గోధుమరంగు పట్టీలు చూడండి. ఎక్కడ పేపర్ ఆనిందో అక్కడే, స్కేలు పెట్టి గీసినట్టు. మంచి కాగితాన్ని పక్కనున్న చెడ్డ కాగితం పాడు చేసిందన్నమాట.

ఇక్కడ కొంచెం కథ చెప్పాలి. పూర్వం యూరప్‌లో కాగితం పాత గుడ్డలతో చేసేవారు. సిరా పాకకుండా జంతువుల జిగురు పూసేవారు. 1807లో మోరిట్జ్ ఇల్లిగ్ అనే జర్మన్, పటిక, రోజిన్ కలిపి గుజ్జులోనే పోసే పద్ధతి ప్రకటించాడు. చవక, త్వరగా అయిపోతుంది. కానీ పటిక కాగితంలో ఆమ్లాన్ని మిగులుస్తుంది. 1840ల నుంచి కర్రని అలాగే నూరి గుజ్జు చేయడం మొదలైంది. కర్రలో లిగ్నిన్ ఉంటుంది, అది వెలుగుకీ గాలికీ పసుపుబారుతుంది. ఆమ్లం, లిగ్నిన్ రెండూ కలిస్తే కాగితం లోపల్నుంచే తనని తాను తినేస్తుంది. విలియం బారో అనే ఆయన అమెరికాలో, 20వ శతాబ్దం మొదటి సగంలో అచ్చయిన 500 పుస్తకాలు తీసుకుని కాగితాలని పరీక్షించాడు. ఇంకో 50 ఏళ్లు వాడకానికి నిలబడేవి నూటికి మూడే అని తేల్చాడు. మీ తాతల ఇంట్లో పాత వారపత్రికలు ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోతాయి కదా, ఇదే.

తాతయ్య అలమారలో ఇంకొకటి దొరికింది, పదో పుస్తకం అనుకోండి. మాస్కోలో అచ్చయిన తెలుగు పిల్లల బొమ్మల పుస్తకం. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలవి విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో అమ్మేవారు, మీ అమ్మానాన్నల్ని అడగండి, కళ్లు మెరుస్తాయి. ఇది మా నాన్న చదివింది, మేం చదివాం, మా పిన్ని పిల్లలు చదివారు. కాగితం అంచుల్లో కాస్త పసుపుబారింది. బొమ్మలున్నాయి. ఒక్క పేజీ ఊడలేదు. వెన్ను దగ్గర తెరిచి చూస్తే ఫారం మధ్యలో దారం కనబడుతుంది. మన పుస్తకంలో లేనిది ఆ దారమే.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఒకటే. కొత్తగా పుస్తకం వేయించేవాళ్లం అందరం ముందు మెరుపు చూస్తాం. గ్లాసీ కాగితం, గ్లాసీ లామినేషన్. డబ్బు మిగిలితే అప్పుడు బైండింగ్. నేను ఆ వరుసని తిరగేశాను. ముందు కుట్టు, తర్వాత కాగితం, ఆ తర్వాత అచ్చు.

కుట్టు అంటే సెక్షన్ కుట్టు. 16 పేజీల ఫారాన్ని మడిచి, మడతలోంచి దారంతో కుట్టి, ఫారాలన్నీ ఒకదానికొకటి కలుపుతారు. పేజీ ఊడాలంటే దారం తెగాలి. పుస్తకం పూర్తిగా పరుచుకుంటుంది కూడా, బొమ్మ మధ్యలో మింగేయదు. వెన్నుకి కాలికో గుడ్డ, గట్టి అట్టలు. కుట్టుకి బడ్జెట్ అసలే లేకపోతే కనీసం పీయూఆర్ జిగురు అడగండి, మామూలు వేడి జిగురు కంటే అది చాలా సాగుతుంది. పలచటి పుస్తకానికి మధ్యలో పిన్నులు కొట్టే పద్ధతి బాగానే ఉంటుంది, కానీ సముద్రం దగ్గర ఊళ్లలో పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తింటాయి.

కాగితం సంగతి. మూడు వారాలు శాంపిళ్లు పట్టుకుని తిరిగాను. మీరు ఇంట్లోనే చేయగలిగే పరీక్షలు చెప్తాను. శాంపిల్ కాగితంలో సగం మీద అట్టముక్క పెట్టి, పదిహేను రోజులు ఎండ తగిలే కిటికీలో పెట్టండి. పక్కనే న్యూస్ పేపర్ ముక్క కూడా పెట్టండి, పోలికకి. ఎండ తగిలిన సగం పసుపుబారితే లిగ్నిన్ ఉన్నట్టు. ఆమ్లం కోసం పీహెచ్ పెన్ను అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గీత ఊదారంగులోకి మారితే మంచిది, పసుపుగా ఉంటే ఆమ్లం ఉంది. పూత ఉన్న కాగితం మీద ఈ గీత మోసం చేస్తుంది, పూతలో సుద్ద ఉంటుంది కదా. కాగితాన్ని చించి, చిరిగిన అంచు మీద గీయండి. మా తమ్ముడు పసుపు నీళ్లతో చేద్దాం అన్నాడు. పసుపు క్షారానికి ఎర్రబడుతుంది గానీ ఆమ్లానికి రంగు మారదు, మనకి కావాల్సింది అది చెప్పదు.

మూడో పరీక్ష నాకు బాగా నచ్చింది. దొంగనోట్లు పట్టే చిన్న యూవీ లైటు ఉంటుంది కదా, చీకట్లో దాన్ని శాంపిల్ మీద వేయండి. కొన్ని తెల్ల కాగితాలు నీలంగా భగ్గుమంటాయి. అంటే తెలుపు కోసం మెరుపు రసాయనం కలిపారు. అది కొన్నేళ్లకి పని మానేస్తుంది, అప్పుడు కాగితం అసలు రంగు బయటపడుతుంది. అందుకని నేచురల్ షేడ్ తీసుకున్నాను, కొంచెం మీగడ రంగు. ముసలిదవడానికి పెద్దగా ఏం మిగల్లేదు దానికి.

పెద్ద లైబ్రరీలు కాగితానికి ఐఎస్‌ఓ 9706 అనే ప్రమాణం చూస్తాయి. పీహెచ్ 7.5కీ 10కీ మధ్య ఉండాలి, ఆమ్లాన్ని ఎదుర్కోవడానికి కనీసం 2 శాతం సుద్దకి సమానమైన నిల్వ ఉండాలి, లిగ్నిన్ దాదాపు ఉండకూడదు, సులభంగా చిరగకూడదు. దాన్ని పాటించిన పుస్తకాల్లో గుండ్రంలో అనంతం గుర్తు వేస్తారు. ఇప్పుడు చాలా మిల్లులు ఖర్చు తగ్గుతుందని సుద్ద కలిపి క్షార పద్ధతిలోనే చేస్తున్నాయి కాబట్టి మామూలు మ్యాప్‌లిథోలో కూడా మంచివి దొరుకుతాయి. కానీ డీలర్ "యాసిడ్ ఫ్రీ సార్" అన్న మాట మీద ఆగకండి, మిల్లు స్పెసిఫికేషన్ షీటు అడగండి. నలుగురిని అడిగితే ఒక్కరు ఇచ్చారు. ఆయన దగ్గరే కొన్నాను.

చివరికి ఎంచుకున్నది 120 జీఎస్‌ఎమ్ పూత లేని కాగితం. దీనికి మూల్యం ఉంది, దాచను. పూత లేని కాగితం సిరాని పీలుస్తుంది, చుక్క పాకుతుంది, రంగులు కొంచెం మందంగా కనబడతాయి. అందుకని ఫైల్‌ని పూత లేని కాగితానికి తగ్గట్టే సిద్ధం చేయాలి, ఆర్ట్ పేపర్ కోసం చేసింది ఇస్తే నీడలన్నీ మసిబొగ్గు అవుతాయి. ఫొటోల పుస్తకమైతే నేను మ్యాట్ ఆర్ట్ పేపరే తీసుకునేవాణ్ణేమో. ఇవి నీటిరంగులు. తాతయ్య వేసింది కూడా గరుకు డ్రాయింగ్ షీట్ల మీదే. ఇంకోటి, కాగితం పీచు దిశ పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే తేమకి పేజీలు అలల్లా లేస్తాయి. ప్రెస్సులో షీటు కోసే ముందే చెప్పాలి ఇది.

అచ్చు ఆఫ్‌సెట్. 96 పేజీలు, అంటే 6 ఫారాలు. ఫారానికి రెండు వైపులు, వైపుకి నాలుగు రంగులు, అంటే 8 ప్లేట్లు. మొత్తం 48 ప్లేట్లు. 300 కాపీలు వేసినా, 3000 వేసినా ప్లేట్లు అవే. అందుకే తక్కువ కాపీలకి ఆఫ్‌సెట్ భారం. నేను తాతయ్య రాసిన వివరణలు, పెన్సిల్ స్కెచ్‌లు అన్నీ రెండు ఫారాల్లోకి జరిపాను, వాటికి నలుపు ఒక్కటే. 48 కాస్తా 36 అయ్యాయి. మిగిలిన డబ్బు కుట్టుకి వెళ్లింది. అయినా చాలక 500 కాపీలు అనుకున్నవి 300కి దించాను.

తెలుగు అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త: అక్షరం ఎప్పుడూ ఒక్క నలుపు ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగుల నలుపు చేస్తే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా మన వత్తులు, సున్నాలు పూడిపోతాయి.

మీ దగ్గర ఉన్న పుస్తకం ఎలా అచ్చయిందో తెలుసుకోవాలంటే ఫోన్‌లో మాక్రో మోడ్ పెట్టి బొమ్మని దగ్గరగా చూడండి. చుక్కలు చిన్న చిన్న పూల ముగ్గుల్లా వరుసగా ఉంటే దాదాపు ఆఫ్‌సెట్. చల్లినట్టు ఎలా పడితే అలా ఉంటే ఇంక్‌జెట్ అయ్యుండొచ్చు. మెరుస్తూ, వేలికి ఉబ్బెత్తుగా తగిలితే టోనర్.

ఆ పూల ముగ్గులే ఇప్పుడు నాకు తలనొప్పి. అత్తయ్య కాపీలోంచి 31 బొమ్మలు స్కాన్ చేశాం కదా. చుక్కల మీద స్కానర్ గీతలు పడితే నీళ్ల మీద అలల్లాంటి గళ్లు వస్తాయి, మోరే అంటారు. దాన్ని తీసేస్తే బొమ్మ కొంచెం మసకబారుతుంది. కొంగల రెక్కల్లో ఉన్న సన్న గీతలు అక్కడే పోతున్నాయి. ఒరిజినల్ ఉన్న 17 బొమ్మలకీ, వీటికీ తేడా తెలుస్తుంది. కలపాలని ప్రయత్నించి మానేశాను. పుస్తకం వెనక ఏవి ఒరిజినల్ నుంచి, ఏవి పాత అచ్చు నుంచి అని నంబర్లతో రాస్తున్నాం. వాడిన కాగితం పేరు, అచ్చు పద్ధతి కూడా.

శుక్రవారం మొదటి ఫారం ప్రూఫ్ వస్తుంది. అత్తయ్య కాపీకి ఇవాళ న్యూస్ పేపర్ అట్ట తీసేసి, తెల్ల కాగితం వేసి తిరిగి పంపిస్తున్నాను. మళ్లీ చీరల కిందే పెట్టమని చెప్పాను. ఉంటాను మరి.